‘ఎ క్వయట్ ప్లేస్’ : పాత్రదోషమా, కవిదోషమా?

ప్రాణాపాయమునఁ జిక్కినవారి కథలను జూచునపుడు ప్రేక్షకులు తఱచుగా ‘వీరిట్లేల చేసిరి?’ అని విసుగుకొందురు. కథ కల్పితము గదా, కల్పనలో హేతువు నడుగనేల యని కొందఱందురు. ఈ మాట నాకు సమ్మతము గాదు. అట్లని ప్రేక్షకుఁడు చూపిన తప్పెల్లఁ దప్పును గాదు. పాత్ర పొరపడుట యొకటి, కవి పొరపడుట మఱియొకటి. ఈ భేదమును 2018వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘ఎ క్వయట్ ప్లేస్’ అను చలనచిత్రమునందు విచారింతము.

కథ సంగ్రహముగా నిది. చూపు లేక, వినికిడియే బలముగాఁ గల క్రూరజంతువులు లోకమును బాడుచేసినవి. చప్పుడు చేసినవాఁడు చచ్చును. లీ, ఎవెలిన్ అను దంపతులు బిడ్డలతోఁ బొలములోని యింట నిశ్శబ్దముగా జీవించుచుందురు. కూఁతురు రీగన్ చెవిటిది గావున నందఱకును సంజ్ఞాభాష తెలియును. వారు నడచు త్రోవలో నిసుక పఱచిరి. ఇంటి నేలచెక్కలపైఁ జప్పుడు గాని చోట్ల గుఱుతులు వేసిరి. దర్శకుఁడగు జాన్ క్రసిన్‌స్కీయే తండ్రి వేషము ధరించెను.

మొదటి యాక్షేపము ఆటబొమ్మను గూర్చినది. తండ్రి తీసివేసిన బొమ్మను రీగన్ చిన్నతమ్మునికి మఱల నిచ్చును. వాఁడు బ్యాటరీలను గూడఁ దీసికొని, దారిలో బొమ్మను మ్రోగించి, మృత్యువువాతఁ బడును. ఇది కోపము దెప్పించు పనియే, కాని కవిదోషము గాదు. తమ్ముని చిన్నఁబోయిన మొగము చూడలేని బాలిక చేయునట్టి పనియే యది. పైఁగా నా పొరపాటే యామెకు హృదయశల్యమై కథను దుదిదాఁక నడిపించుచున్నది.

రెండవది ఎవెలిన్ గర్భవతి యగుట. ఏడ్వక మానని శిశువు నిట్టి లోకమునఁ గనుట యవివేకమని యాక్షేపము. పుత్రశోకమునఁ గుమిలిన దంపతుల కిట్టి కోరిక కలుగుట వింత గాదు. వారు శిశువునకై మూఁతగల పెట్టెను, ప్రాణవాయువును, చప్పుడు వెలికిఁ బోని నేలమాళిగను సిద్ధపఱచిరి. ఇది సాహసమే కాని స్వభావవిరుద్ధము గాదు.

మూఁడవది మేకు. ఎవెలిన్ బట్టలమూటను మెట్లపై నీడ్చునపుడు ఒక మేకు నిక్కి నిలుచును. పిమ్మటఁ బ్రసవవేదనతో దిగుచు నామె దానిపైఁ గాలు మోపును, చేతిలోని పటము జాఱిపడి చప్పుడగును, జంతువు వచ్చును. అడుగడుగునకు గుఱుతు పెట్టుకొన్న యిల్లాలు మూట తగులుకొన్నపుడు వంగి చూడకుండునా? ఇచటఁ బొరపడినది పాత్ర గాదు. భయమును బుట్టింపవలె నను త్వరలోఁ గవి యామె స్వభావమును మఱచెను.

నాల్గవది యింతకంటె గురుతరము. తండ్రి కుమారుని జలపాతము కడకుఁ గొనిపోయి, పెద్దచప్పుడు చెంతఁ జిన్నచప్పుడు వినఁబడదని తెలిపి, వానితోఁ గలసి గొంతెత్తి యఱచును. మంచిది, అట్లయినఁ బ్రసవ మచటనే యేల కారాదు? చలియో, తేమయో, దూరమో, ఏదో యొక కారణము నొక్క సంజ్ఞతోఁ దెలిపినఁ జాలును. చిత్రము తానే యుపాయమును జూపి, తానే దానిని మఱచినది.

తండ్రి మరణము మధ్యస్థము. గాయపడిన లీ కూఁతునకుఁ దన ప్రేమను సంజ్ఞలతోఁ దెలిపి, బిగ్గఱగా నఱచి, జంతువును దనపైకి రప్పించుకొని బిడ్డలను గాపాడును. అంతకుముందే కుమారుఁడు బాణసంచా కాల్చి జంతువును దల్లి కడనుండి మరలించి యుండెను. ఆ యుక్తి తండ్రికిఁ దోఁపకుండుట వింతయే. కాని తండ్రి తన్నుఁ బ్రేమింపఁడని కుములుచున్న కూఁతు శల్య మా క్షణమున నూడిపోవుటచేఁ గరుణము పొంగి, ప్రశ్న యింటికి వచ్చిన పిదపఁగాని పుట్టదు.

అనౌచిత్యమే రసభంగకారణమని యానందవర్ధనుఁడు నిర్ణయించెను. మహాభారతమున దుష్యంతుఁడు శకుంతల నెఱిఁగియు నెఱుఁగనట్లు పలుకును. కాళిదాసు తన నాయకున కది తగదని తలఁచి, దుర్వాసుని శాపమును, ఉంగరము జాఱిపోవుటను గల్పించెను. నాటకమునఁ గూడ రాజు తప్పుచేయుచునే యున్నాఁడు, కాని తప్పునకుఁ గారణ మున్నది. కావునఁ బాత్ర తప్పుచేయుట దోషము గాదు. ఆ తప్పునకు స్వభావమునఁగాని సందర్భమునఁగాని కారణము లేకుండుటయే దోషము.

ఇట్టి కథలలో భయము యుక్తిపై నిలిచి యుండును. పాత్రలతోఁ బాటు తానును నూపిరి బిగఁబట్టి కూర్చున్న ప్రేక్షకునకు ‘ఇట్లేల?’ అని యడుగు నధికారము గలదు. ఈ చిత్రమును మెచ్చుకొనియే యా ప్రశ్న నడిగితిని. నియమమును బెట్టినవాఁడు నియమమును బాటింపవలయును. దీనిని సహృదయులు విచారింతురుగాక.