పలకరాయి తొడిగిన గోడ హరితమగునా?

మార్కాపురము పేరు వినగానే ఒక తరము తెలుగువారికి ఓనమాలు గుర్తుకు వచ్చును. చెక్క చట్రములో బిగించిన నల్లని పలక, చేతిలో బలపము, ప్రక్కన తడిగుడ్డ - చదువునకు తొలి పరికరములు ఇవియే. కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిమ్మట బడిపలకకు గిరాకీ తగ్గినది. రాయి మాత్రము పని మానలేదు. బడినుండి ఇంటికి మరలినది. నేడు మార్కాపురపు పలకరాయి బిళ్ళలుగా కోయబడి, నేలపై పరుపుగాను, గోడలకు తొడుగుగాను విదేశములకు సైతము పోవుచున్నది.

రాయితోపాటు ఒక మాటయు ప్రచారమగుచున్నది: 'ఇది ప్రకృతిసిద్ధమైన రాయి, కావున దీనిని వాడిన ఇల్లు హరిత గృహము.' పాత ఇండ్లను మార్చి కట్టుకొనువారు ఈ మాటను సులభముగా నమ్ముచున్నారు. కాని ఒక వస్తువు పర్యావరణమునకు హితమా కాదా అనునది దాని పేరును బట్టి తేలదు. అది ఎట్లు తయారైనది? ఇంటిలో ఎచ్చట అమర్చబడినది? దానికొరకు ఏది పడగొట్టబడినది? దానిని కోసినవాని ఆరోగ్యమేమైనది? ఈ నాలుగు ప్రశ్నలకును జవాబు దొరికిన పిదపనే తీర్పు చెప్పవలెను.

రాయి పుట్టుక

మొదటి ప్రశ్నలో పలకరాయికి మంచి మార్కులే వచ్చును. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతపు శిలలు కడప భూగర్భ ద్రోణిలోని నల్లమల వర్గమునకు చెందినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీనిలో ఒక శిలాసమూహమునకు కంభము పేరే పెట్టిరి. వంద కోట్ల సంవత్సరములకు మించిన పూర్వకాలమున నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద గట్టిపడి, తరువాత భూమి ఒత్తిడికి లోనై పలకరాయిగా మారినది. ఆ ఒత్తిడిలో అభ్రకము వంటి ఖనిజముల సన్నని రేకులు అన్నియు ఒకే దిక్కునకు తిరిగి అమరినవి. అందుచేతనే ఉలితో అదనుచూచి కొట్టినచో పలకరాయి పుస్తకపు పుటలవలె చీలును.

ఈ గుణమువలన కలుగు లాభము గొప్పది. పలకను తయారుచేయుటకు బట్టీ అక్కరలేదు. గుజరాతులోని మోర్బీ వంటి కేంద్రములనుండి వేయి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చు నునుపు టైలును సుమారు 1200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చవలెను. సిమెంటు సంగతి ఇంకను భారమైనది. 100 గ్రాముల శుద్ధ సున్నపురాయిని కాల్చినచో 56 గ్రాముల సున్నము మిగిలి, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, గాలిలో కలియును. ఇది ఇంధనమునుండి వచ్చు వాయువు కాదు, రాతిలోనుండియే వెలువడునది. దానికి తోడు సిమెంటు కొలిమిని 1450 డిగ్రీల వరకు మండించు ఇంధనముయొక్క పొగను కూడ కలుపుకొనవలెను. మార్కాపురపు ఇంటిలో మార్కాపురపు రాయిని పరచుట ఈ లెక్కన మెచ్చదగిన పని. అదే రాయి ఓడలెక్కి సముద్రములు దాటినచో లెక్క మారును.

నేలపై సుగుణము, గోడపై దోషము

రెండవ ప్రశ్న, ఎచ్చట అమర్చితిరి అనునది. ఇచ్చట చాలమంది పొరపడుచున్నారు.

పలకరాయి వేడిని త్వరగా పోనిచ్చును. నీడలో ఉన్న పలకపై పాదము మోపినప్పుడు అది పాదపు వేడిని త్వరగా గ్రహించును; అందుచే చల్లగా తోచును. నీరును అతి తక్కువగా పీల్చును. కావున వంటయింటి బల్లకు, స్నానపుగది నేలకు, అలమర అరలకు ఇది చక్కని రాయి. అయితే ఈ గుణమే ఎండ తగులు గోడపై దోషమగును.

విద్యార్థులు ఈ చిన్న లెక్కను వేసి చూడవచ్చును. ఒక పొర వేడిని ఎంతవరకు అడ్డగించునో తెలియవలెనన్నచో, మీటర్లలో దాని మందమును దాని ఉష్ణవాహకతచే భాగింపవలెను. 23 సెంటీమీటర్ల ఇటుక గోడకు వాహకత సుమారు 0.8 అనుకొన్నచో నిరోధము 0.29 వచ్చును. పలకరాయి వాహకత సుమారు 2. రెండు సెంటీమీటర్ల పలకను ఆ గోడకు తొడిగినచో అదనముగా చేరు నిరోధము 0.01 మాత్రమే. అంతే మందము గల చెక్క పలక సుమారు 0.15 నిరోధమును ఈయగలదు. పలకరాయి తొడుగు ఇంటిని చల్లబరచునను మాట ఈ లెక్కకు నిలువదు.

రంగు విషయము మరియొకటి. ముదురు పలకరాయి తనపై పడిన సూర్యకాంతిలో పదింట ఎనిమిది వంతులకు పైగా పీల్చుకొనును. కొత్తగా వేసిన తెల్లని సున్నము మూడింట రెండు వంతులకు పైగా తిప్పికొట్టును. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున పడమటి గోడకు నల్లరాయి తొడిగినవారు, డబ్బు ఖర్చుచేసి వేడిని కొనుక్కొనుచున్నారనియే చెప్పవలెను. పైగా సిమెంటుతో అంటించిన బిళ్ళలను మరల వాడుకొనుటకు పగులకుండ ఊడదీయుట కష్టము. ఉత్తరపు గోడకో, వసారా నీడలోని గోడకో తొడిగినచో ఈ ఆక్షేపణలో వేడికి సంబంధించిన భాగము చాలవరకు తొలగిపోవును. వానజల్లునుండి గోడను కాపాడుట ఆ తొడుగుయొక్క నిజమైన సుగుణము.

కూలిన మిద్దె విలువ

మూడవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యమైనది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడుటకు పూర్వము మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలో ఉండెను. ఇండ్ల కట్టుబడిలోను రాయలసీమ పోలిక కనిపించును. మట్టితో పేర్చిన మందమైన రాతి గోడలు, దూలములపై పరచిన మిద్దె, దానిపై చవుడు, వెలుతురుకు గవాచి - ఇది పాత పద్ధతి. 'హరితముగా మార్చుట' అను పేరుతో ఇట్టి ఇంటిని నేలమట్టము చేసి, పలుచని కాంక్రీటు కప్పు వేసి, ముందరి గోడకు పలకరాయి తొడుగుచున్నారు.

ఇందు పోయినదేమో భౌతికశాస్త్రము చెప్పగలదు. పగటి వేడి ఒక అలవలె గోడలోనికి ప్రవేశించి, లోపలికి పోయినకొలది బలహీనపడుచు, ఆలస్యమగుచు సాగును. 10 సెంటీమీటర్ల కాంక్రీటును దాటుటకు ఆ అలకు సుమారు మూడు గంటలు చాలును. దాని బలములో దాదాపు సగము మిగిలియే ఉండును. మధ్యాహ్నపు మంట సాయంకాలమునకు పడకగదిలో దిగుటకు కారణమిదియే. 45 సెంటీమీటర్ల రాతిగోడను దాటుటకు సుమారు పది గంటలు పట్టును. అప్పటికి అల బలము పదవ వంతుకు తగ్గిపోవును. ఆ కొద్ది వేడి లోపలికి చేరువేళకు రాత్రి అగును. అప్పుడు కిటికీలు, గవాచి తెరచినచో చల్లగాలి దానిని తీసికొనిపోవును.

ఇట్లనుటచే మిద్దెలో లోపములు లేవని కాదు. వానకు కారును, చెద పట్టును, ఏటేట చవుడు పోయవలెను, గదులలో చీకటి. ఇవి నిజమైన కష్టములు. వానిని అనుభవించిన గృహిణిని పాతది మంచిదని ఒప్పింప బూనుట న్యాయము కాదు. కాని ఈ లోపములలో అధికభాగము పైకప్పువి, వెలుతురువి, గోడలవి కావు. గోడలను నిలిపి, చెడిన దూలములను మార్చి, కప్పుపై గానుగ సున్నముతో నీరు దిగని పొర వేసి, కిటికీలను పెంచినచో కష్టము తీరును, గుణము మిగులును. కాంక్రీటు కప్పే వేయదలచినవారు దానిపై తెల్లని పింగాణి ముక్కలు పరచవచ్చును. పొరుగున ఉన్న తెలంగాణ 2023లో చల్లని పైకప్పులకు ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది.

ప్రమాణములు చెప్పునది, చెప్పనిది

కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో 'ఎకో నివాస్ సంహిత' అను నియమావళిని వెలువరించినది. పైకప్పు ప్రతి చదరపు మీటరునకు, లోపలికి బయటికి గల ప్రతి డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించి వేడిని దాటనీయరాదని అందు కలదు. పైపూత లేని 10 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పు ఇందుకు సుమారు మూడు రెట్లు దాటనిచ్చును. నియమము మంచిదే. అయితే అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలోని నివాస భవనములను ఉద్దేశించినది. మార్కాపురపు సందులలోని చిన్న ఇల్లు దాని దృష్టికి రాదు. మరియు ఈ కొలత నిలకడగా పారు వేడిని లెక్కించునే గాని, మందమైన గోడ వేడిని ఆలస్యము చేయు మేలును చూపదు. కూల్చిన గోడలో పోయిన శ్రమయు, కొత్త సిమెంటు వదలిన వాయువును ఆ అంకెలలో లేవు. 2004లో హైదరాబాదున ప్రారంభమైన సి.ఐ.ఐ. గోద్రెజ్ హరిత భవనము దేశమునకు గొప్ప మాదిరి. కాని పెద్ద భవనములకు లభించు ప్రశంసాపత్రము వలన చిన్న ఇంటి యజమానికి మార్గము దొరకదు.

ధూళి ఎవరి పాలు?

చివరి ప్రశ్న ఇంటియందు కనబడనిది. పలకరాతిలో స్ఫటికపు సిలికా కలదు. యంత్రపు రంపముతో పొడిగా కోసినప్పుడు లేచు ధూళిలో మిల్లీమీటరులో వేయింట కొన్ని వంతులు మాత్రమే ఉండు కణములు శ్వాసకోశముల లోతునకు చేరి అచ్చటనే నిలిచిపోవును. కాలక్రమమున అచ్చటి కండ గట్టిపడి ఊపిరి అందదు. ఇదియే సిలికోసిస్. దీనికి పూర్తిగా నయముచేయు మందు లేదు. మధ్యప్రదేశములోని మంద్‌సౌర్‌లో బలపములు చేయు పనివారిలో ఈ వ్యాధిని పరిశోధకులు గుర్తించిరి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో స్ఫటికపు సిలికా ధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. నివారణ మాత్రము కష్టము కాదు: నీరు పోయుచు కోయుట, ధూళిని పుట్టినచోటనే లాగివేయు యంత్రము. ఇంటిలోనే బిళ్ళలు కోయించు యజమాని మేస్త్రీకి ఒక బకెట్టు నీరు ఇచ్చి తడికోత కోరినచో మేస్త్రీ ఊపిరియు, తన పిల్లల ఊపిరియు కాపాడినవాడగును.

ఈ నాలుగు ప్రశ్నలను కలిపి చూచినచో పలకరాయిని నిందింప పని లేదు. తడిగా కోసి, దగ్గరి ఇంటిలో, నేలపైనో నీడలోనో వాడినప్పుడు దానికి సాటివచ్చు రాయి అరుదు. మంచి గోడను కూల్చి, పలుచని గోడ కట్టి, ఎండముఖమున దానిని అలంకారముగా అంటించినప్పుడు మాత్రము హరితమను పేరు దానికి చెల్లదు. పలకపై వ్రాసిన తప్పును తడిగుడ్డతో తుడిచి దిద్దవచ్చును; కూల్చిన గోడను అట్లు దిద్దుట సాధ్యము కాదు.

ఈ విషయమును తరగతిలో నిరూపించుటకు ఖర్చేమియు లేదు. మార్కాపురపు పరిసరములలో విరిగిన పలకముక్కలకు కొదువ లేదు. ఒకే కొలత గల రెండు ముక్కలు తెచ్చి, ఒకదానికి తెల్లని సున్నము పూసి ఆరనిచ్చి, రెండింటిని మధ్యాహ్నపు ఎండలో ఒక గంట ఉంచి, ఒక్కొక్కదాని అడుగున థర్మామీటరు ఆనించి చూడవలెను. రెండు అంకెలను విద్యార్థులు ఆ పలకముక్కపైననే బలపముతో వ్రాసి, ఇంటికి తీసికొనిపోయి పెద్దలకు చూపవచ్చును.