‘పనిష్’ క్రియ – ‘శిక్షించు’ అనువాదం: అర్థ, ప్రయోగ పరిశీలన

ఆంగ్లంలోని ‘పనిష్’ క్రియకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం ‘శిక్షించు’. నిఘంటుపరంగా ఈ జోడి నిర్దుష్టమే. అయితే ఈ రెండు క్రియల చరిత్ర గాని, ప్రయోగ నియమాలు గాని ఒకటి కావు. ఈ భేదాన్ని విస్మరించిన అనువాదం వాక్యాన్ని కృతకం చేయడమే కాక, శిక్ష ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నను కూడా మరుగుపరుస్తుంది.

‘పనిష్’ లాటిన్ ‘పునీరే’ నుండి వచ్చింది. దాని వెనుక ఉన్న గ్రీకు ‘పొయినే’ శబ్దానికి హత్యకు బదులుగా చెల్లించే పరిహారమని అర్థం. ‘పెనాల్టీ’, ‘పెయిన్’ ఈ కుటుంబంలోవే. సంస్కృత ‘శిక్ష్’ ధాతువుకు మూలార్థం నేర్చుకొనుట. వేదాంగమైన ‘శిక్ష’ ఉచ్చారణ శాస్త్రం. తెలుగు, కన్నడ, మలయాళ, మరాఠీ భాషలలో ‘శిక్ష’ దండనార్థంలో స్థిరపడగా, హిందీలో విద్యార్థంలోనే నిలిచింది. అందువల్లనే 1860 నాటి ‘ఇండియన్ పీనల్ కోడ్’ హిందీలో ‘దండ సంహిత’, తెలుగులో ‘శిక్షాస్మృతి’ అయింది. 2018లో కేంద్రం ప్రారంభించిన విద్యా పథకం ‘సమగ్ర శిక్షా’ తెలుగు చెవికి వేరుగా వినిపించడానికీ ఇదే కారణం. అయినా తెలుగు పాత అర్థాన్ని పూర్తిగా విడువలేదు. ‘శిక్షకుడు’, ‘సుశిక్షితుడు’ అన్నప్పుడు విద్య, ‘దుష్టశిక్షణ’ అన్నప్పుడు దండన స్ఫురిస్తాయి.

ప్రయోగంలోనూ భేదముంది. ‘పనిష్’కు మనిషీ, నేరమూ రెండూ కర్మలు కాగలవు. తెలుగులో దొంగను శిక్షిస్తారు. దొంగతనానికి శిక్ష విధిస్తారు. ఆంగ్ల కర్మణి వాక్యాన్ని అనుసరించిన ‘శిక్షింపబడెను’ కంటె ‘శిక్ష పడింది’ అన్నదే తెలుగు నుడికారం. వాన పడినట్లు, దెబ్బ పడినట్లు శిక్ష కూడా పడుతుంది. ఆ వాక్యంలో కర్త కనిపించడు, అడగవలసిన అవసరమూ తోచదు.

ఈ అంశం తీవ్రత న్యాయస్థానాల తీర్పులలో స్పష్టమవుతుంది. హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జరిగిన జంట పేలుళ్ళ కేసులో ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దానిని ధ్రువీకరించింది. ‘ఐదుగురికి ఉరిశిక్ష పడింది’ అన్న వాక్యంలో ‘శిక్ష’ మూలార్థం పూర్తిగా అస్తమిస్తుంది. ఉరి తరువాత నేర్చుకొనేవాడు మిగలడు. ‘పొయినే’లోని మూల్య చెల్లింపు భావమే ఇక్కడ వర్తిస్తుంది. దీనికి భిన్నంగా, 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత నాలుగవ సెక్షను సమాజ సేవను శిక్షలలో చేర్చింది. అక్కడ ‘శిక్ష’ తన పాత అర్థానికి కొంత చేరువవుతుంది.

బడిలో ఈ పద భేదం మరింత కీలకం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలపై దైహిక హింసను నిషేధించింది. దానిని ‘శారీరక శిక్ష’ అన్నప్పుడు బెత్తానికి బోధన గౌరవం అబ్బుతుంది. ‘శారీరక దండన’ అన్నప్పుడు పదంలోని దండమే, అంటే కర్రే, కంటికి కనిపిస్తుంది. నిషేధం ఉద్దేశించినదీ దానినే.

కనుక ‘పనిష్’కు ఏకైక సమానార్థకాన్ని వెదకడం కంటె సందర్భానుసారంగా ఎన్నుకోవడం సమంజసం. బలప్రయోగం ప్రధానమైన చోట ‘దండించు’, న్యాయ నిర్ణయంలో ‘శిక్ష విధించు’, సొమ్ము విషయంలో ‘జరిమానా వేయు’ సరిపోతాయి. బౌలర్లను బ్యాటర్ ‘పనిష్’ చేసినప్పుడు వీటిలో ఏదీ పొసగదు. అక్కడ ‘చితకబాదాడు’ అనవలసిందే. ‘శిక్షించు’ను మాత్రం దిద్దుబాటుకు అవకాశమున్న చోట వాడితే ఆ పదం తన చరిత్రకు న్యాయం చేస్తుంది.