బిడ్డను ఎవరు చూస్తారు?

దీపావళి దాటితే కర్నూలు జిల్లాలోని మా కోసిగిలో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తికి, మిరపకు జనం సుగ్గికి, అంటే కోతల కూలికి, వలస పోతారు. పెద్దపిల్ల బడి మానేస్తుంది. కూలికి మరో రెండు చేతులవుతుంది, లేదంటే చంటివాడికి కాపలా ఉంటుంది. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉండే మండలాల్లో మాదీ ఒకటి కావడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించదు. ఈ ఊరి ఆడపిల్ల ఇంజనీరు కావాలంటే, ర్యాంకు సంగతి తర్వాత, ముందు ఆమె చంకలోని తమ్ముణ్ణి ఎవరో ఒకరు అందుకోవాలి.

ఈ మాటకు నాకు గుర్తొచ్చేది అయ్యలసోమయాజుల లలిత. ఆమె 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. 1937లో భర్త పోయేనాటికి ఆమెకు 18 ఏళ్లు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతురిని అక్కడే చేర్పించారు. అలా దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. అందరూ చెప్పే కథ ఇక్కడితో ఆగిపోతుంది. నాకు మాత్రం ఆ తర్వాతి ఏళ్లే ముఖ్యం. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఆమె పాప పెంపకాన్నే ముందు చూసుకున్నారు. సిమ్లాలో కొంతకాలం చేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, ప్రొటెక్షన్ పరికరాలు ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టుకూ పనిచేశారు. 1977 దాకా ఆ పని వదల్లేదు.

ఇంజనీరుగా నా పనీ ప్రొటెక్షనే. గాలికి రెండు తీగలు తగులుకుంటే ముందు ఆ 11 కేవీ ఫీడర్ బ్రేకరే పడాలి. ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ ఓ 0.3 సెకను ఓపిక పట్టాలి. ఆ తేడా కుదరకపోతే ఒక్క చేను దగ్గరి తప్పుకు ఊళ్లకు ఊళ్లే చీకట్లో కూర్చుంటాయి. లెక్క పుస్తకంలో ఉంటుంది. చేతికి రావాలంటే సబ్‌స్టేషన్ యార్డులో ఎండకు నిలబడి, టెస్ట్ కిట్‌తో బ్రేకర్‌ను పడేసే రిలేకు కరెంటు ఎక్కిస్తూ, ఎంతసేపటికి ట్రిప్పయిందో ప్రతిసారీ రాసుకోవాలి. కొత్తలో నన్ను యార్డులోకి రానిచ్చేవారు కాదు. "ఎండలో నువ్వెందుకమ్మా, డ్రాయింగులు చూసుకో" అనేవారు. అది అభిమానమే. ఆ అభిమానమే మా ఆడ ఇంజనీర్లలో చాలామందిని కుర్చీ దాటనివ్వలేదు. చివరికి ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ "రా మేడం, ఈ పూట కిట్టు నువ్వే పట్టు" అన్నాకే నాకు పని వచ్చింది. ఆ రోజుల్లో మా అమ్మ ఊరొదిలి వచ్చి నా కొడుకును చూసుకుంది. అమ్మ రాకపోయి ఉంటే ఉద్యోగం మానేసేదాన్ని.

ఆడపిల్లలకు ఇంజనీరింగ్ సీట్లకు ఇప్పుడు మునుపటంత కరువు లేదు. కాలేజీల్లో మూడో వంతు సీట్లు వాళ్లకే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లోనే పల్లె పిల్లల కోసం వచ్చింది. అక్కడ సీటుకు చూసేది పదో తరగతి మార్కులు. ఆ పరీక్షలు మిరపకోతలు జోరుగా సాగే మార్చిలోనే వస్తాయి. అందుకే బడిపిల్లలతో పాటు వాళ్ల చంటి తమ్ముళ్లనూ, చెల్లెళ్లనూ చేర్చుకునే హాస్టళ్లు కోసిగిలో కావాలి. అవి జనం సుగ్గికి కదలకముందే, దసరా లోపే తెరవాలి.