లెనిన్ పక్కన ఎవరు?

పాత ప్రచార సినిమాలను నేను ముందు సౌండ్ తీసేసి చూస్తాను. మాటలు లేకపోతే ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, కెమెరా ఎవరి ముఖం మీద ఆగిందో బాగా తెలుస్తుంది. ఈ వారం అలా చూసింది మిహయిల్ రొమ్ తీసిన ‘అక్టోబరులో లెనిన్’.

రష్యా అక్టోబరు విప్లవానికి 20 ఏళ్లు నిండిన సందర్భంగా 1937లో హడావుడిగా తీసిన సినిమా ఇది. లెనిన్ పోయి అప్పటికి 13 ఏళ్లు. శరీరం రెడ్ స్క్వేర్‌లో అద్దాల కింద ఉంది. నడిచే, నవ్వే లెనిన్ కావాలంటే మాత్రం నటుడు దొరకాలి. బోరిస్ షుకిన్ దొరికాడు. గబగబా నడక, ఊరుకోని చేతులు. తనను కాపాడే కార్మికుడి ఇంట్లో నేల మీదే పడుకుంటాడు, తలకింద పుస్తకాలు పెట్టుకుని. ఏ పార్టీ పట్టనివాళ్లకైనా ముచ్చటేస్తుంది. విగ్రహానికైతే దణ్ణం పెట్టి వెళ్లిపోతాం. ఇలాంటి మనిషిని మాత్రం నమ్ముతాం, ఆయన నమ్మినవాణ్ణీ నమ్ముతాం. కిటుకంతా అక్కడే ఉంది. దొంగచాటుగా పెట్రోగ్రాడ్ చేరాక ఆయన మంతనాలాడేది స్టాలిన్‌తో.

అసలు లెనిన్ 1923 జనవరిలో, జబ్బుతో ఉండి, చెప్పి రాయించిన మాట వేరు. ప్రధాన కార్యదర్శి పదవి నుంచి స్టాలిన్‌ను తప్పించే దారి చూడమన్నాడు. పోయినవాడు తెర చించుకొచ్చి కాదనలేడు కదా! బతికున్నవాళ్లకూ ఆ వీలు మిగల్చలేదు. నాటి సహచరులు జినోవియెవ్, కామెనెవ్‌లను 1936 ఆగస్టులోనే కాల్చి చంపారు. స్క్రిప్టు రాసిన అలెక్సేయ్ కాప్లెర్ కూడా 1943లో అరెస్టయి వొర్కుతా శిక్షా శిబిరం చేరాడు. స్టాలిన్ కూతురు స్వెత్లానా ఆయన మీద మనసు పడింది. (ఆ కథను అప్పుడెవరు తీస్తారు?)

1956లో స్టాలిన్‌ను ఎండగడుతూ క్రుష్చేవ్ చేసిన ప్రసంగం తర్వాత కత్తెర ఇటు తిరిగింది. స్టాలిన్ సీన్లు ఎగిరిపోయాయి. 1963 నాటికి, కోయడానికి వీల్లేని చోట్ల ట్రిక్ షాట్లతో ఆయన్ను కప్పేశారు. పనితనం వరకు మెచ్చుకోవలసిందే, నాకూ చాలాచోట్ల అతుకు కనిపించలేదు. అయితే లెనిన్ పక్కన ఖాళీ అయిన ఆ చోటులోకి, పెట్రోగ్రాడ్ సోవియట్ అధ్యక్షుడిగా ఆ తిరుగుబాటును దగ్గరుండి నడిపించిన ట్రాట్స్కీని మాత్రం ఎవరూ తీసుకురాలేదు.