పట్టు సడలించిన పోగు

మట్టిగోడ పెట్టేముందు మట్టిలో వరిగడ్డి వేసి కాళ్లతో బాగా తొక్కడం మన ఊళ్లలో పెద్దవాళ్లందరికీ తెలిసిన పనే. గోడ ఆరేటప్పుడు బీటలు వారకుండా ఆ గడ్డే పట్టి ఉంచుతుంది. సిమెంటుకూ అలాంటి తోడు వెతుకుతూ అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ విక్టర్ లీ 1990ల తొలినాళ్లలో వంగే కాంక్రీటు తయారుచేశారు. పేరు ఈసీసీ.

మామూలు కాంక్రీటును పట్టి లాగితే, మీటరు పొడవుకు 0.1 మిల్లీమీటరు సాగేసరికే పగిలిపోతుంది. ఈసీసీ 3 నుంచి 5 సెంటీమీటర్లు సాగుతుంది! ఇందులో కంకర ఉండదు. సిమెంటు, సన్న ఇసుక, ఫ్లైయాష్ అనే బొగ్గు బూడిద, నీళ్లు, వాటితోపాటు ఘనపరిమాణంలో 2 శాతం పోగులు.

పనితనమంతా ఆ పోగులోనే ఉంది. పాలీవినైల్ ఆల్కహాల్‌తో చేసిన పోగు అది. పొడవు 12 మిల్లీమీటర్లు, మందం 39 మైక్రాన్లు. సిమెంటును గట్టిగా కరుచుకుంటుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. పగులు తెరుచుకోగానే జారే వీల్లేక పుటుక్కున తెగిపోయేది. ఇంకొకరైతే మరింత బలమైన పోగు కోసం వెతికేవారేమో. లీ బృందం వాళ్లు మాత్రం పోగు బరువులో 1.2 శాతం నూనె పూసి, పట్టు తగ్గించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఆలోచనే. ఇప్పుడు పోగు కాస్త జారుతుంది, జారుతూనే బరువు మోస్తుంది. ఆ పగులు పెద్దది కాకముందే పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి పుట్టి, లాగుడును పంచుకుంటాయి. ఒక్కొక్కదాని వెడల్పు సుమారు 60 మైక్రాన్లు, అంటే వెంట్రుకంత. తడి, గాలి తగిలితే వాటిలో సున్నపురాయి పదార్థం పేరుకుని చాలావరకు పూడుకుపోతాయి కూడా.

కంకర లేకపోవడంతో సిమెంటు ఎక్కువ పడుతుంది, పర్యావరణానికి అది భారమే. అందుకే బాగా వాడుకలో ఉన్న ఒక మిశ్రమంలో సిమెంటు 1 పాలైతే ఫ్లైయాష్ 1.2 పాళ్లు వేస్తారు. బొగ్గు బూడిద వాడకంలోకి వస్తుంది, పైగా పోగు మితిమీరి అతుక్కోకుండా చూసేది కూడా ఆ బూడిదే. పోగుల ధర మాత్రం ఇంకా దిగిరావాలి.

2005లో మిషిగన్‌లోని ఇప్సిలాంటి దగ్గర గ్రోవ్ స్ట్రీట్ వంతెన మీద రెండు స్లాబుల మధ్య ఉండే జాయింటు తీసేసి, ఆ చోట ఈసీసీ పలక పోశారు. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఇలాంటి జాయింట్లలోంచే నీళ్లతో కలిసి కిందికి కారి, దూలాలను తినేస్తుంది. ఇక్కడ ఆ సందే లేదు. ఎండకు వంతెన సాగినా, చలికి ముడుచుకున్నా ఆ పలకే వంగి సర్దుకుంటుంది.