గోడ మీది మాట, గొంతులోని మాట

విశ్రాంతిగా వినే చిల్-అవుట్ సంగీతం ఒక అరలో, పాశ్చాత్య శాస్త్రీయ సింఫనీ మరొక అరలో ఉండాలని రికార్డు దుకాణాలు మనకు నేర్పాయి. ఆ విభజనకు పెద్ద గండి కొట్టినది పోలండు స్వరకర్త హెన్రిక్ గురెట్స్కీ (1933–2010) మూడో సింఫనీ. 1976లో కూర్చిన ఈ రచనకు 'శోకగీతాల సింఫనీ' అని పేరు. డాన్ అప్‌షా గానంతో, డేవిడ్ జిన్‌మన్ నిర్దేశకత్వంలో 1992లో వెలువడిన రికార్డు పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. బ్రిటన్‌లో పాప్ ఆల్బమ్‌లతో పోటీపడి ఆరో స్థానానికి చేరింది.

కొన్నవారిలో చాలామందికి పోలిష్ రాదు. మూడు భాగాలూ విలంబంగానే నడుస్తాయి. మొదటిది డబుల్ బేస్‌ల మంద్రనాదంతో మొదలవుతుంది. ఒక్కొక్క తంత్రీవాద్యాల వరుస అదే బాణీని అందుకుంటూ మెల్లగా పైకి లేస్తుంది. అలసిన చెవికి ఇది జోలపాటే. కాని మాటలు చూడండి. మొదటి భాగం పదిహేనో శతాబ్దపు విలాపం: నీ గాయాలను నాతో పంచుకో అని కొడుకును వేడుకుంటుంది మేరీమాత. మూడోది తిరుగుబాటులో పోయిన కొడుకు కోసం వెతుక్కునే తల్లి జానపదగీతం. నడిమి భాగంలో పాత్రలు తారుమారవుతాయి. 1944లో జాకొపానె పట్టణంలో, గెస్టపో చెరగది గోడ మీద 18 ఏళ్ల అమ్మాయి రాసిన ప్రార్థన అది. ఏడవవద్దని అమ్మకు చెబుతుంది. ఇది వింటూ హాయిగా నిద్రపోవడం నేరం కాదు గాని, విన్నది సగమే.

2014లో వార్సాలో ప్రదర్శించి 2019లో విడుదల చేసిన రికార్డు ఇక్కడే ఆసక్తికరం. పాడినది బెత్ గిబన్స్. పోర్టిస్‌హెడ్ బృందం 1994లో తెచ్చిన 'డమ్మీ' నాటి నుంచి చిల్-అవుట్ శ్రోతలకు పరిచితమైన గొంతు. నిర్దేశకుడు స్వయంగా మహాస్వరకర్త అయిన పెండెరెట్స్కీ. గిబన్స్‌కు పోలిష్ రాదు. ఈ పాఠాన్ని పట్టుబట్టి నేర్చుకుంది. ఆ భాషలో మూడు రకాల చకారాలు (మన 'చాప'లోని దంత్యచకారం అందులో ఒకటి), ముక్కుతో పలికే అచ్చులు, గుత్తులు కట్టే హల్లులు ఉన్నాయి. అజంత భాషల వారికి నోరు తిరగడం కష్టమే. పైగా ఆమెది మంద్రగాత్రం, రచన సొప్రానో కోసం. మొదటి భాగం శిఖరస్వరాల్లో గొంతు సన్నబడి అచ్చులు ఆకారం కోల్పోతాయి. అయినా రెండో భాగంలో అమ్మను పిలిచే మాట పాటగా గాక పిలుపుగా వినిపిస్తుంది. అప్‌షా ఇంతకంటే ఎంతో అందంగా పాడింది. జైలుగోడకు అంత అందం ఎక్కువ.

తమిళనాట సంగీతం నేర్చుకునే మీకు ఇది కొత్త సంగతి కాదు. తిరువయ్యారులో త్యాగరాజు కూర్చిన తెలుగు కృతులను తెలుగు రానివారు కూడా తరతరాలుగా నిలబెట్టారు. క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరమున్న లిపిలో తేడా నిలపడానికి అక్షరం పక్కన అంకెలు వేసుకున్నారు. ఆ శ్రమకు తెలుగువారు రుణపడి ఉన్నారు. అయితే అంకె ధ్వనిని కాపాడగలదు, పదవిభాగాన్ని కాపాడలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అర్థమే చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కృతిని మాత్రం అంకెల సాయంతో చదివే విద్యార్థులు గిబన్స్ పట్టుదలను గమనించాలి.

ముందు అనువాదం చదివి, రెండో భాగంతో మొదలుపెట్టండి. అది పది నిమిషాలకు మించదు. మూడో భాగానికి మాత్రం నా ఓటు అప్‌షాకే: చివర బాణీ మేజర్ స్వరాల్లోకి తిరిగే చోట గిబన్స్ గొంతు అలసిపోయినట్లుంది.