తేదీ వేసి రాయడం

ఏటా జనవరిలో ఎవరో ఒకరు కొత్త డైరీ ఇస్తారు. సంక్రాంతి దాకా శ్రద్ధగా రాస్తాం. ఉగాది నాటికి అది పాలపద్దు పుస్తకమవుతుంది. రోజూ రాసేంత పెద్ద విషయాలు నా బతుకులో ఏమున్నాయని నేనూ ఊరుకునేదాన్ని. విక్టర్ క్లెంపరర్ డైరీలు చదివాక ఆ మాట మళ్లీ అనలేకపోయాను.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆయన ఫ్రెంచి సాహిత్యం చెప్పే ప్రొఫెసరు. 1881లో యూదు మతగురువు ఇంట పుట్టారు. ప్రొటెస్టెంటు మతం తీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడారు. నాజీ చట్టాలు మాత్రం పుట్టుకనే చూశాయి. 1935లో ఉద్యోగం పోయింది. 1939 నుంచి యూదుడని తెలిసేలా పేరుకు ‘ఇజ్రాయెల్’ అని తగిలించుకోవాల్సి వచ్చింది. 1941 సెప్టెంబరులో కోటు మీదికి యూదుల గుర్తుగా పసుపు నక్షత్రం వచ్చింది. భార్య ఎవా యూదురాలు కాదు. ఆమె విడాకులివ్వకుండా గట్టిగా నిలబడబట్టే ఆయన ప్రాణం దక్కింది.

ఈ చట్టాలన్నీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. అవి ఇంట్లోకి ఎలా వచ్చాయో డైరీ చెబుతుంది. లైబ్రరీ గడప తొక్కొద్దన్నారు. కారు లైసెన్సు రద్దు చేశారు. టైపురైటరు పట్టుకుపోయారు. పూలు కూడా కొనకూడదన్నారు. 1942 మేలో, యూదుల ఇళ్లలో పెంపుడు జంతువులు ఉండరాదని, పెంచమని ఇంకొకరికి ఇవ్వనూ రాదని ఉత్తర్వు వచ్చింది. వాళ్ల పిల్లి పేరు ముషెల్. ఎవా దాన్ని తనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, ప్రాణం తీయించి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఎందరో మనుషులు మాయమవుతున్న రోజుల్లో పిల్లి గురించి ఏం రాస్తాంలే అని క్లెంపరర్ అనుకోలేదు. రాశారు.

ఆ కాగితాలు నాజీల రహస్య పోలీసు గెస్టపో కంటపడితే చావే. అందుకే ఎవా వాటిని విడతలవారీగా పిర్నాలో ఉన్న స్నేహితురాలు, డాక్టర్ అన్నెమరీ కోలర్ ఇంటికి చేరవేసేది. వాటిలో పేర్లున్న వాళ్లందరి ప్రాణాలూ ఆమె చేతిలో ఉండేవి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి డ్రెస్డెన్ మీద బాంబులు కురిశాయి. ఆ గందరగోళంలో కోటు మీది నక్షత్రం తీసేసి దంపతులిద్దరూ తప్పించుకున్నారు. క్లెంపరర్ 1960లో కన్నుమూశారు. ఆ నాజీ ఏళ్ల డైరీలు 1995లో గానీ అచ్చవలేదు.

డైరీ రాయడమంటే మనసులోని బరువు దించుకోవడం అనుకునేదాన్ని. ఇప్పుడు ముందు తేదీ వేస్తాను. తర్వాత ఆ రోజు చూసిన చిన్న విషయం ఒకటి రాస్తాను. అభిప్రాయం ఉంటే చివర్న.

మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన, పనివాళ్లు మెట్లు వాడాలని ఒక నోటీసు ఉంది. దాన్ని క్లెంపరర్ కష్టంతో పోల్చను, పోల్చకూడదు. కానీ నాలుగేళ్లు దాని ముందు నించి తిరిగాను, ఒక్కసారీ రాయలేదు. మొన్న ఆ నోటీసును అక్షరం పొల్లుపోకుండా డైరీలోకి ఎత్తి రాశాను. మా పనమ్మాయి ఎన్నో అంతస్తు దాకా మెట్లెక్కుతుందో కూడా రాశాను. ఐదు.